టైమ్‌సీల్ డౌన్‌లోడ్ చేశా కానీ నడవట్లేదు (ఎక్స్‌బోర్డ్, ఫిక్స్ సర్వర్, పాత లాప్‌టాప్‌లు)

చదరంగం_సారు (కర్నూలు) · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బి.క్యాంపు దగ్గర సాయంత్రం పూట పిల్లలకు చెస్ నేర్పిస్తుంటాను. తెలిసినవాళ్లు ఆఫీసులో పక్కన పడేసిన పాత లాప్‌టాప్‌లు కొన్ని ఇచ్చారు, అన్నీ రెండు జీబీ ర్యామ్‌వే. బ్రౌజర్లో లీచెస్ (చెస్ ఆడుకునే ఉచిత సైటు) తెరిస్తే ఫ్యాన్ రొద తప్ప పావు కదలదు. అందుకని డెబియన్ 13 (ఒక రకం లైనక్స్) వేసి ఎక్స్‌బోర్డ్ (చెస్ బోర్డు చూపించే తేలికపాటి ప్రోగ్రాం) పెట్టాను. అది హాయిగా నడుస్తోంది, ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్‌కి (మనం ఫిక్స్ అంటాం కదా, అదే) గెస్టుగా కనెక్ట్ కూడా అవుతోంది.

చిక్కంతా గడియారంతోనే. పిల్లవాడు తడుముకోకుండా ఎత్తు వేసినా వాడి టైములోంచి అర సెకను, నెట్ బాగా లేనప్పుడు రెండు సెకన్లు కూడా పోతున్నాయి. మూడు నిమిషాల ఆటలో అరవై ఎత్తులు పడితే ఇక ఆలోచించడానికి ఏం మిగుల్తుంది? ఏనుగు ఎక్కువున్న ఎండ్‌గేమ్‌లో జెండా పడిపోయి (టైము అయిపోయి) ఒకడు ఏడుపు ఒకటే తక్కువ.

వెతికితే నెట్‌లో పోయే టైము మన లెక్కలో పడకుండా చూసే టైమ్‌సీల్ అనే సహాయక ప్రోగ్రాం పెట్టుకోవాలని తెలిసింది. లైనక్స్‌కి ఉన్నది దించాను, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చాను. నడిపితే "అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు" అంటోంది. ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లముందే ఉంది! ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేయంత చిన్న కంప్యూటర్, ఉత్త 'పై' అన్నా ఇదే) కూడా ఉంది మా దగ్గర, దాంట్లో అయితే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అంటోంది. ఎవరైనా దారి చెప్పండి.

కడప_గుర్రం (కడప) · శనివారం రాత్రి 9:30

సార్, ఈ కాలంలో ఫిక్స్ ఏంది సార్? పిల్లల అమ్మానాన్నల ఫోన్లలో లీచెస్ యాప్ వేయించండి, ఉచితమే, ప్రకటనలు ఉండవు, లాగ్ (నెట్ ఆలస్యం) సంగతి అదే చూసుకుంటుంది. ఆ పాత పెట్టెల్ని పజిళ్లకు వాడుకోండి. ఎందుకీ తలనొప్పి.

చదరంగం_సారు · శనివారం రాత్రి 9:41

ఫోన్లు వద్దనే కదా గుర్రం గారూ ఇదంతా. ఫోన్ చేతికిస్తే పది నిమిషాలకు చెస్ పోయి రీల్స్ వస్తాయి. తల్లిదండ్రులు కూడా "సార్, ఫోన్ తప్ప ఏదైనా పెట్టండి" అనే అడుగుతున్నారు. ఎక్స్‌బోర్డ్‌లో బోర్డు, గడియారం, టెర్మినల్, అంతే. వేరే చూడ్డానికి ఏమీ లేదు.

నిర్వాహకుడు · శనివారం రాత్రి 9:44

కొత్తగా వచ్చినవాళ్లకి: ఇక్కడ తెలుగు లిపి మాత్రమే, కమాండ్లతో సహా. మెషీన్లో కొట్టేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో, అన్నీ చిన్న బడిలో కొట్టండి. ఫైళ్లకి లింకులు పెట్టొద్దు, పేరు చెప్తే చాలు.

పొద్దుటూరు_రూట్ (పొద్దుటూరు) · శనివారం రాత్రి 10:05

సార్, రెండు మెషీన్లలోవి రెండు వేర్వేరు జబ్బులు.

లాప్‌టాప్ సంగతి ముందు. "ఫైల్ టైమ్‌సీల్" అని కొట్టి చూడండి, ఈఎల్ఎఫ్ 32-బిట్ అని వస్తుంది చూడండి. ఆ బైనరీ (కట్టి ఇచ్చేసిన ప్రోగ్రాం ఫైలు) పాతది, 32-బిట్ మెషీన్ల కోసం కట్టింది. మీ డెబియన్ 64-బిట్. ఫైలు లేదు అంటున్నది టైమ్‌సీల్ గురించి కాదు, ఆ ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించే 32-బిట్ లోడర్ మీ సిస్టంలో లేదు, దాని గురించి. ఎర్రర్ మెసేజ్ ఆ ముక్క చెప్పదు, ఎంతమందిని ఏడిపించిందో ఈ మెసేజ్! ఇలా చెయ్యండి:

సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386
సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌సీ6:ఐ386

లాప్‌టాప్‌లో దీంతో కదలాలి.

పైలో మాత్రం ఇది పనికిరాదు. టైమ్‌సీల్ ఇంటెల్ తరహా ప్రాసెసర్‌కి కట్టింది, పైలో ఉన్నది ఆర్మ్. ఏ లైబ్రరీ వేసినా ఆ బైనరీ అక్కడ నడవదు. దానికి సోర్స్ (ప్రోగ్రాం రాసిన అసలు కోడ్) కావాలి, మీరే కంపైల్ చేసుకోవాలి, అంటే ఆ మెషీన్‌కి తగ్గట్టు కట్టుకోవాలి.

చదరంగం_సారు · శనివారం రాత్రి 10:11

సోర్స్ కోసం గంట నుంచి వెతుకుతున్నానమ్మా. ఫిక్స్ వాళ్ల దగ్గర అన్నీ తయారైన బైనరీలే, సోర్స్ ఎక్కడా లేదు.

సీమ_కెర్నల్ (అనంతపురం) · శనివారం రాత్రి 11:20

లేదు సార్, ఉండదు. టైమ్‌సీల్ సోర్స్ వాళ్లు బయటపెట్టలేదు, కావాలనే. కానీ అదే పని చేసే ఓపెన్‌సీల్ అని ఒకటుంది, సీ భాషలో ఒకే ఒక్క ఫైలు, నాలుగు పేజీలు కూడా ఉండదు. ఆ పేరుతో వెతకండి. గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే సైటు) జనం దాచి పెట్టుకున్న కాపీలు కనిపిస్తాయి.

అసలు ఈ ప్రోగ్రాం ఏం చేస్తుందో తెలిస్తే మీకు సెటప్ చెయ్యడం సులువవుతుంది కాబట్టి చెప్తా, కొంచెం పొడుగు.

ఫిక్స్ అనేది పాత టెల్నెట్ పద్ధతి సర్వర్. 5000 పోర్టుకి కనెక్ట్ అయితే అక్షరాలు వస్తాయి, అక్షరాలు పంపుతాం, ఎక్స్‌బోర్డ్ ఆ అక్షరాలను చదివి బొమ్మగా గీస్తుంది, అంతే. హెల్పర్ (టైమ్‌సీల్ లాంటి సహాయక ప్రోగ్రాం) లేకపోతే సర్వర్‌కి తెలిసేది ఒక్కటే: అవతలివాడి ఎత్తు మీకు పంపిన క్షణం, మీ ఎత్తు తనకు చేరిన క్షణం. మధ్యలో దారిఖర్చు మొత్తం మీ ఖాతాలో రాస్తుంది. కర్నూలు నుంచి అమెరికా పోయి రావడానికి మంచి లైన్లోనే పావు సెకను, వైఫై మీద నలుగురు కూర్చుంటే ఎంతైనా.

హెల్పర్ పెడితే ఏమవుతుందంటే, మీ మెషీన్ నుంచి పోయే ప్రతి లైనుకీ అది మిల్లీసెకన్లలో టైము అంటిస్తుంది. ఉత్తరం ఎప్పుడు చేరిందన్నది కాకుండా మన ఊరి పోస్టాఫీసు ముద్ర మీద తేదీ చూసినట్టు అన్నమాట. సర్వర్ అవతలివాడి ఎత్తుతో పాటు బ్రాకెట్లలో జీ అక్షరం ఒకటి పంపుతుంది. అది కనపడగానే హెల్పర్ మీకు చెప్పకుండానే జవాబు వేస్తుంది, దాని మీద కూడా టైము ఉంటుంది. అంటే బోర్డు మీ కంటపడిన క్షణం ఒకటి, మీరు ఎత్తు వేసిన క్షణం ఒకటి, రెండూ మీ మెషీన్ గడియారంవే. తేడా తీస్తే మీరు ఆలోచించిన టైము. దారిలో ఎంత పోయినా మీ గడియారంలో కోత పడదు.

మెషీన్ తేదీ తప్పుగా ఉన్నా ఫర్వాలేదు, తేడాయే కావాలి కాబట్టి. అసలు పూర్తి తేదీ పంపదు కూడా. పదివేల సెకన్లలో శేషం తీసి దాన్ని మిల్లీసెకన్లు చేసి పంపుతుంది, అంటే రెండు గంటల నలభై ఆరు నిమిషాలకోసారి లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది. కానీ ఆట మధ్యలో గడియారం గెంతితే మాత్రం గొడవే. పైలో జాగ్రత్త సార్, పై 5కి ముందు మోడళ్లలో కరెంటు తీస్తే టైము గుర్తుంచుకునే గడియారమే లేదు, ఆన్ అయ్యాక నెట్ నుంచి తెచ్చుకుంటుంది. బూట్ అయ్యాక ఒక నిమిషం ఆగి "డేట్" కొట్టి చూసి అప్పుడు ఆట మొదలుపెట్టించండి.

ఆదోని_బ్లిట్జ్ (ఆదోని) · ఆదివారం ఉదయం 6:50

కెర్నల్ తమ్ముడు బాగా చెప్పాడు. నేను మోడెం కాలం నుంచి ఆడుతున్నా కాబట్టి కొంచెం పాత సంగతి కలుపుతా. 1992లో ఇంటర్నెట్ చెస్ సర్వర్ అని మొదలైంది, అందరికీ ఉచితం. 1995లో దాన్ని డబ్బులు కట్టే క్లబ్‌గా మార్చారు, అదే ఐసీసీ, ఇంటర్నెట్ చెస్ క్లబ్. అది నచ్చని ప్రోగ్రామర్లు అదే ఏడాది ఫిక్స్ పెట్టారు. ఐసీసీ వాళ్ల హెల్పర్ పేరు టైమ్‌స్టాంప్, ఫిక్స్ వాళ్లది టైమ్‌సీల్. పని ఒకటే, ఒకదానిది ఒకదానికి పనికిరాదు. ఇది రెండూ కలిపేసి "పని చెయ్యట్లేదు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కానీ ఓపెన్‌సీల్ మీద నాకు పేచీ ఉంది. సోర్స్ ఎందుకు మూసి పెట్టారు? టైము ఎంతైందో చెప్పేది ఆటగాడి మెషీనే కదా. సోర్స్ చేతికిస్తే ఎవడైనా రెండు లైన్లు మార్చి, పది సెకన్లు ఆలోచించి ఒక్క సెకనే అని పంపిస్తాడు. పిల్లలకు అలాంటిది అలవాటు చెయ్యాలా?

సీమ_కెర్నల్ · ఆదివారం ఉదయం 8:15

అన్నా, మూసిపెట్టినా ఆగదు. మూసిన టైమ్‌సీల్ కూడా టైము అడిగేది ఆపరేటింగ్ సిస్టంనే, ఆ సిస్టంతో అబద్ధం చెప్పించడం పెద్ద విద్యేం కాదు. ఓపెన్‌సీల్ సోర్స్ తెరిస్తే మీకే అర్థమవుతుంది, దాంట్లో ఎన్‌క్రిప్షన్ అనదగ్గది ఏమీ లేదు. లైను చివర టైము అతికిస్తుంది, పొడవు 12కి భాగం పోయేదాకా నింపుతుంది, ఒక్కో పన్నెండు బైట్ల ముక్కలో కొన్నింటిని అటూ ఇటూ మారుస్తుంది, తర్వాత 50 అక్షరాల ఒక మామూలు ఇంగ్లిషు వాక్యంతో ఎక్స్ఆర్ చేస్తుంది (బిట్లని దాంతో కలిపి మారుస్తుంది). ఆ 50 అక్షరాలు అందరికీ తెలిసినవే. పైచెస్ అనే ఇంకో చెస్ ప్రోగ్రాంలో ఇదే తంతు పైథాన్‌లో రాసి అందరికీ కనపడేలా పెట్టారు, దాంతో ఆడుతున్న వాళ్లంతా దొంగలా? దొంగాట ఆడేవాడికి టైముతో పనేముంది, పక్కన ఇంజిన్ (మంచి ఎత్తులు చెప్పే ప్రోగ్రాం) పెట్టుకుంటాడు.

ఆదోని_బ్లిట్జ్ · ఆదివారం ఉదయం 8:40

ఇంజిన్ వాడేవాణ్ని ఎత్తులు చూసి పట్టుకోవచ్చు. టైము దొంగని ఎట్ల పట్టుకుంటావు? సరేలే, పైకి వేరే దారి లేదంటున్నారు కాబట్టి వాడుకోండి. లాప్‌టాప్‌లలో మాత్రం అసలు టైమ్‌సీలే పెట్టండి అంటా.

పొద్దుటూరు_రూట్ · ఆదివారం ఉదయం 9:02

నేను దీనికి తలకిందులుగా చెప్తా. ఎవరో కట్టిన బైనరీని, అదీ అసలు సైటు నుంచి కాకుండా ఎక్కడో ఫైల్ షేరింగ్ సైటులో దొరికిన దాన్ని, పిల్లల మెషీన్లలో నడపడం నాకు నచ్చదు. సార్ ఎక్కడినుంచి దించారో చెప్పలేదు. ఫిక్స్ సొంత సైటు నుంచి అయితే సరే. కాకపోతే తీసేసి, అన్నిట్లోనూ ఓపెన్‌సీల్ కట్టుకోండి. నాలుగు పేజీల సోర్స్‌ని చదివి చూసుకోవచ్చు, బైనరీని చూసుకోలేం కదా.

ఇంకోటి. టైమ్‌సీల్ ఉన్నా లేకపోయినా ఫిక్స్ లాగిన్‌కి రక్షణ లేనట్టే లెక్క. టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు పోతుంది, హెల్పర్ పెడితే పైన చెప్పిన ఆ గజిబిజితో పోతుంది, తెలిసినవాడు విప్పేస్తాడు. కాబట్టి పిల్లలకు అక్కడ పెట్టే పాస్‌వర్డ్ వేరే ఎక్కడా, ముఖ్యంగా మెయిల్‌కి, వాడనివ్వొద్దు.

కడప_గుర్రం · ఆదివారం ఉదయం 9:20

ఒక ఫైలు కంపైల్ చెయ్యడానికి ఇంత పంచాయితీ! సార్, పైచెస్ వేసుకుంటే అయిపాయ కదా, ఆప్ట్‌లోనే ఉంది, టైమ్‌సీల్ పని లోపలే చేస్తుందని కెర్నల్ అన్నే చెప్పె.

చదరంగం_సారు · ఆదివారం మధ్యాహ్నం 1:35

పైచెస్ వేసి చూశాను, పని చేస్తోంది, అబద్ధం చెప్పకూడదు. కానీ ఈ పాత మెషీన్లలో తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. ఎక్స్‌బోర్డ్ దాని ముందు ఈక.

లాప్‌టాప్‌లలో 32-బిట్ లైబ్రరీ వెయ్యగానే ఎర్రర్ పోయింది, రూట్ గారికి ధన్యవాదాలు. బైనరీ ఫిక్స్ సైటుదే. పైలో ఓపెన్‌సీల్ కంపైల్ చెయ్యబోతే మొదటి లైనులోనే ఆగింది. "లెస్ దాన్ గుర్తుకి ముందు ఐడెంటిఫయర్ ఉండాలి" అని ఏదో అంటోంది, ఆ తర్వాత తెర నిండా ఎర్రర్లు.

సీమ_కెర్నల్ · ఆదివారం మధ్యాహ్నం 1:50

సార్, "హెడ్ ఓపెన్‌సీల్.సీ" కొట్టండి. మొదటి లైనులో డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అని ఉంటే మీరు దించింది ప్రోగ్రాం కాదు, ప్రోగ్రాంని చూపించే వెబ్ పేజీని. గిట్‌హబ్‌లో ఫైలు పేజీ మీద "రా" అనే బటన్ ఉంటుంది, అది నొక్కి వచ్చిందాన్ని సేవ్ చెయ్యండి.

చదరంగం_సారు · ఆదివారం మధ్యాహ్నం 2:25

అవును, వెబ్ పేజీయే. మళ్లీ దించాను. ఇప్పుడు సీ కోడే కనపడుతోంది. అయినా కంపైల్ కాలేదు, ఈసారి తక్కువ ఎర్రర్లు: "ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్", ఎగ్జిట్ ఒకటి, స్ట్రింగ్ లెన్త్ చూసేది ఒకటి, రైట్, క్లోజ్. ఇదే ఫైలు మా స్నేహితుడి పాత ఉబుంటులో వార్నింగులు ఇచ్చినా కంపైల్ అయింది. నా దగ్గర మాత్రం ఎర్రర్ అంటోంది, ఎందుకు?

సీమ_కెర్నల్ · ఆదివారం మధ్యాహ్నం 2:55

కంపైలర్ వయసు తేడా సార్. డెబియన్ 13లో ఉన్న సీ కంపైలర్ జీసీసీ 14. మీ పైలో కూడా అదే తరం ఓఎస్ ఉన్నట్టుంది. ఒక ఫంక్షన్ ఎక్కడిదో ముందే చెప్పకుండా వాడితే పాత జీసీసీ గొణుక్కుంటూ ఊరుకునేది, 14 నుంచి అది ఎర్రర్. పాత సీ కోడ్ సగం ఇక్కడే పడిపోతోంది ఈ మధ్య. ఈ ఓపెన్‌సీల్ కాపీలు కూడా తలా ఒక రకంగా ఉంటాయి, కొన్నిట్లో ఎవరో సరిదిద్దారు, మీకు దొరికినదాంట్లో దిద్దలేదు.

సరైన మందు: ఫైలు పైన మిగతా ఇంక్లూడ్ లైన్లున్న చోట ఈ మూడూ కలపండి: ఎస్‌టీడీలిబ్.హెచ్, స్ట్రింగ్.హెచ్, యూనిఎస్‌టీడీ.హెచ్. ఎగ్జిట్ మొదటిదాంట్లో, స్ట్రింగ్ పనులు రెండోదాంట్లో, రైట్, క్లోజ్ మూడోదాంట్లో ఉంటాయి. తర్వాత:

జీసీసీ -ఓ2 -ఓ ఓపెన్‌సీల్ ఓపెన్‌సీల్.సీ

మొదటి ఓ పెద్దది, రెండోది చిన్నది. జీసీసీ లేదంటే బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ వేసుకోండి.

అడ్డదారి: కోడ్ ముట్టుకోకుండా -ఎస్‌టీడీ=జీఎన్‌యూ89 అని ఇస్తే పాత పద్ధతిలో చూసి ఊరుకుంటుంది. చిన్న ప్రోగ్రాం కాబట్టి నడుస్తుంది గానీ, ఆ ఇంక్లూడ్‌లు పెట్టడమే మంచిది. ఫంక్షన్ ఏం తిరిగి ఇస్తుందో తెలియనప్పుడు కంపైలర్ దాన్ని 32-బిట్ పూర్ణాంకం అనుకుంటుంది. 64-బిట్ మెషీన్లో అది పాయింటర్ అయితే సగం తెగిపోయి, ఎప్పుడో ఆట మధ్యలో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటుంది. అప్పుడు వెతుక్కోవడం నరకం.

చదరంగం_సారు · ఆదివారం సాయంత్రం 4:40

అయింది! మూడు లైన్లు కలపగానే ఒక్క వార్నింగ్ కూడా లేకుండా కంపైల్ అయింది. కానీ ఎక్స్‌బోర్డ్‌కి దీన్ని ఎలా అంటించాలి? నేరుగా నడిపితే హోస్ట్ పేరు అడిగి బయటికొచ్చేస్తోంది.

పొద్దుటూరు_రూట్ · ఆదివారం సాయంత్రం 5:05

ఓపెన్‌సీల్‌ని మీరు నడపనక్కర్లేదు, ఎక్స్‌బోర్డే నడుపుకుంటుంది. ముందు దాన్ని /యూఎస్ఆర్/లోకల్/బిన్ లో పడెయ్యండి, సుడో కావాలి. తర్వాత టెర్మినల్ తెరిచి:

ఎక్స్‌బోర్డ్ -ఐసీఎస్ -ఐసీఎస్‌హోస్ట్ ఫ్రీచెస్.ఆర్గ్ -ఐసీఎస్‌హెల్పర్ ఓపెన్‌సీల్

లాప్‌టాప్‌లలో చివరి మాట టైమ్‌సీల్. మెనూ నుంచి కాకుండా టెర్మినల్ నుంచే మొదలుపెట్టండి, ఎందుకంటే లాగిన్, సీక్ (ఆడేవాళ్లని వెతకడం), మ్యాచ్ (ఫలానావాణ్ని ఆటకి పిలవడం) లాంటివన్నీ అక్కడే కొడతారు. పోర్టు ఇవ్వకపోతే 5000 తనే తీసుకుంటుంది. లాగిన్ అయ్యాక "ఫింగర్" అని కొడితే మీ వివరాల్లో టైమ్‌సీల్ ఆన్ అని కనపడాలి. ఆఫ్ అని ఉంటే ఎక్స్‌బోర్డ్ హెల్పర్ లేకుండా నేరుగా కనెక్ట్ అయిందని అర్థం.

ప్రతిసారీ పిల్లలు ఇంత పొడుగు కమాండ్ కొట్టలేరు కదా, రెండు లైన్ల షెల్ స్క్రిప్టు రాసి "ఆట" అని పేరు పెట్టుకోండి, ఇంగ్లిషు అక్షరాల్లోనే లెండి.

సీమ_కెర్నల్ · ఆదివారం సాయంత్రం 5:30

హెల్పర్ ఆప్షన్ లేని క్లయింట్ ఏదైనా వాడాలనుకుంటే సోక్యాట్ అనే ప్యాకేజీ ఉంది. మన మెషీన్లోనే 5000 పోర్టు మీద వింటూ, ఎవరైనా కనెక్ట్ అయితే ఓపెన్‌సీల్‌ని నడిపి దానికి అతికిస్తుంది. అప్పుడు క్లయింట్‌కి సర్వర్ పేరు లోకల్‌హోస్ట్ అని ఇస్తే చాలు. సార్‌కి ఇప్పుడు అవసరం లేదు, తర్వాత వెతుక్కుంటూ ఈ పేజీకి వచ్చేవాళ్ల కోసం రాసి పెడుతున్నా.

జేఎన్‌టీయూ_బంటు (అనంతపురం) · ఆదివారం రాత్రి 8:10

అన్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇదే ఎక్స్‌బోర్డ్‌కి స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ తగిలించి, ఇదే హెల్పర్‌తో ఫిక్స్‌లో ఆడించొచ్చా? ఇంజిన్ సొంతంగా ఆడితే రేటింగ్ ఎంత వస్తుందో చూద్దామని.

ఆదోని_బ్లిట్జ్ · ఆదివారం రాత్రి 8:14

నేనేం చెప్పా పొద్దున!

సీమ_కెర్నల్ · ఆదివారం రాత్రి 8:45

అన్నా, పిల్లోడు ముందే అడుగుతున్నాడు కదా, దొంగచాటుగా చెయ్యట్లేదు. 😄

బంటూ, మామూలు ఖాతాతో చేస్తే ఏ సర్వర్లో అయినా అది మోసమే, ఖాతా పోతుంది. ఫిక్స్‌లో కంప్యూటర్ ఖాతా విడిగా అడిగి తీసుకోవాలి, పేరు పక్కన సీ గుర్తు వస్తుంది, అవతలివాడికి తెలిసే ఆడతాడు. కానీ నువ్వు చేద్దామనుకుంటున్నదానికి లీచెస్ సులువు. అక్కడ లీచెస్-బాట్ అని పైథాన్ ప్రోగ్రాం ఉంది, అదీ ఒక రకం సహాయక ప్రోగ్రామే. ఒక పక్క సర్వర్ ఏపీఐతో (ప్రోగ్రాంల కోసం సర్వర్ తెరిచి పెట్టిన దారి), ఇంకో పక్క ఇంజిన్‌తో యూసీఐ అనే ఇంజిన్ల భాషలో మాట్లాడుతుంది. కొత్త ఖాతా తెరువు, దాంతో ఒక్క ఆట కూడా ఆడకు, ఆడిన ఖాతాని బాట్‌గా మార్చనివ్వరు. బాట్:ప్లే అనుమతితో టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి తాళంచెవి) తీసుకో, కాన్ఫిగ్ ఫైల్లో టోకెన్, ఇంజిన్ ఉన్న చోటు రాయి, మొదటిసారి -యూ ఇచ్చి నడిపితే ఖాతా బాట్‌గా మారుతుంది. మారాక వెనక్కి రాదు, నీ సొంత ఖాతాతో మాత్రం చెయ్యకు.

టోకెన్‌ని గిట్‌హబ్‌లో ఎక్కించకు. కాన్ఫిగ్ ఫైలుతో సహా పుష్ చేసే అలవాటు మీ బ్యాచ్‌లో అందరికీ ఉంటుంది.

జేఎన్‌టీయూ_బంటు · ఆదివారం రాత్రి 9:00

థాంక్స్ అన్నా. స్టాక్‌ఫిష్ ఆప్ట్‌లోది చాలా, లేక సోర్స్ నుంచి కట్టాలా? నా దగ్గర పై 4 ఉంది. ఇంకోటి, పిప్ ఇన్‌స్టాల్ కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని తిట్టి పంపిస్తోంది.

పొద్దుటూరు_రూట్ · ఆదివారం రాత్రి 9:25

పిప్ తిట్టడం డెబియన్ 12 నుంచి మామూలే, సిస్టం పైథాన్‌ని చెడగొట్టుకోకుండా పెట్టిన అడ్డు. --బ్రేక్-సిస్టం-ప్యాకేజెస్ ఇవ్వమని యూట్యూబ్‌లో చెప్తారు, వినకు. "పైథాన్3 -ఎం వెన్వ్ బాట్" కొట్టి, ఆ ఫోల్డర్‌ని యాక్టివేట్ చేసి, అందులో పిప్ వాడు.

స్టాక్‌ఫిష్ మొదట ఆప్ట్‌లోది పెట్టి బాట్ నడుస్తుందో లేదో చూడు. నడిచాక కావాలంటే సోర్స్ దించి, ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోకి పోయి "మేక్ -జే2 ప్రొఫైల్-బిల్డ్ ఆర్చ్=ఆర్మ్‌వీ8" కొట్టు, ఓఎస్ 64-బిట్ అయితేనే. ఆర్చ్ మాట పెద్ద అక్షరాల్లో. ముందు కడుతుంది, నడిపి చూసుకుంటుంది, ఆ కొలతలతో మళ్లీ కడుతుంది, కాబట్టి టైము పడుతుంది, పోయి ఉగ్గాని బజ్జీ తినిరా. పై పక్కన చిన్న ఫ్యాన్ పెట్టు, మన ఎండలకు లేకపోతే వేడెక్కి అదే నెమ్మదిస్తుంది.

కడప_గుర్రం · ఆదివారం రాత్రి 9:40

కెర్నల్ అన్నా, లీచెస్ ఏపీఐ అంటున్నారు కదా, మరి సార్ పిల్లలు బ్రౌజర్ లేకుండా లీచెస్ ఆడుకోవడానికి కుదరదా? నా మొదటి మాట అదే కదా.

సీమ_కెర్నల్ · ఆదివారం రాత్రి 10:02

కుదురుతుంది గుర్రం. సీఎల్ఐ-చెస్ అని టెర్మినల్‌లోనే బోర్డు గీసే క్లయింట్ ఉంది, టోకెన్ ఇస్తే ఆడొచ్చు, రెండు జీబీ మెషీన్‌కి బరువే కాదు. కానీ మనుషుల కోసం పెట్టిన బోర్డ్ ఏపీఐలో ఎవరో ఒకరితో జత కలిపించుకునే ఆటలు ర్యాపిడ్, క్లాసికల్, కరస్పాండెన్స్ మాత్రమే, అంటే నిదానంగా ఆడేవి. బ్లిట్జ్ (కొద్ది నిమిషాల ఆట) కావాలంటే తెలిసినవాళ్లని నేరుగా పిలవాలి, బుల్లెట్ (ఇంకా వేగమైనది) అసలు లేదు. లాగ్ సంగతికొస్తే అక్కడ సర్వరే కొలిచి కొంత టైము వెనక్కి ఇస్తుంది, దానికీ ఒక హద్దుంది. ఫిక్స్‌లో లాగా మన మెషీన్ మాట నమ్మడం కాదు. ఆదోని అన్నకి ఈ పద్ధతే నచ్చాలి నిజానికి.

ఆదోని_బ్లిట్జ్ · ఆదివారం రాత్రి 10:15

నచ్చుతుంది, కాదనను. కానీ ఒక్కటి చెప్పు తమ్ముడూ, ఎత్తు మీదుండగా కరెంటు పోతే లీచెస్ ఏం చేస్తుంది? కాసేపు చూసి, అవతలివాడికి "గెలుపు తీసుకుంటావా" అని బటన్ చూపిస్తుంది. ఫిక్స్‌లో ఇద్దరూ రిజిస్టర్ అయినవాళ్లయితే ఆట వాయిదా పడుతుంది. "స్టోర్డ్" అని కొడితే ఆగిన ఆటలు కనపడతాయి, ఇద్దరూ వచ్చాక మళ్లీ మ్యాచ్ కొట్టుకుంటే ఆగిన చోటునుంచే. ఎండాకాలం ఆదోనిలో ఉండి చూడు, దీని విలువ తెలుస్తుంది. అందుకని సార్, పిల్లల్ని గెస్టులుగా ఆడించకండి, గెస్టుల ఆట దాచి పెట్టదు. తలా ఒక హ్యాండిల్ (ఖాతా పేరు) రిజిస్టర్ చేయించండి.

చదరంగం_సారు · సోమవారం రాత్రి 8:50

అన్నిట్లో నడుస్తోంది. ఫింగర్ కొడితే లాప్‌టాప్‌లలోనూ పైలోనూ టైమ్‌సీల్ ఆన్ అని ఉంది. ఈ సాయంత్రం నెట్ బాగా నెమ్మదిగా ఉంది, అయినా తడుముకోకుండా వేసిన ఎత్తుకి గడియారంలో దాదాపు ఏమీ తగ్గట్లేదు. తెర మీద మొదట తగ్గినట్టు కనిపిస్తుంది, సర్వర్ నుంచి జవాబు రాగానే సరైన టైముకి వస్తుంది. దాన్ని చూసి పిల్లలు "సార్, గడియారం వెనక్కి పోతోంది" అని ఒకటే గోల. హ్యాండిళ్లకి కూడా రాయించాను, పాస్‌వర్డ్ విషయం తల్లిదండ్రులకు చెప్పాను.

ఒక్క సందేహం. అవతలివాడికి హెల్పర్ లేకపోతే మా వాళ్లకి లాభం, వాళ్లకి నష్టం కదా? ఆదోని గారూ, మీ పిల్లలతో ఒక మ్యాచ్ పెడదామనుకుంటున్నా, మీ వైపు ఉందా?

ఆదోని_బ్లిట్జ్ · సోమవారం రాత్రి 9:20

మావాళ్లది విండోస్ సార్, విన్‌బోర్డ్. దాంట్లో టైమ్‌సీల్ ప్యాకేజీతో పాటే వస్తుంది, కట్టేది కంపైల్ చేసేది ఏమీ లేదు. వచ్చే ఆదివారం పొద్దున పదికి పెట్టుకుందాం, పదిహేను నిమిషాలకు ఎత్తుకి పది సెకన్లు కలిపి. పిల్లల హ్యాండిళ్లు ఇక్కడ రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆ పై మీద ఆడే పిల్లవాడు ఎవరో మాత్రం ముందే చెప్పండి, వాడి టైము నేను దగ్గరుండి చూస్తా.